ఉత్తరం చదవడం నేర్చుకున్న అమ్మ కోసం: అల్మాటీ నుంచి సెమెయ్ దాకా

మార్చి 5, ఢిల్లీ – అల్మాటీ

మా ఊరి బ్రాంచి పోస్టాఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాను. దుబాయ్, కువైట్, అమెరికా ముద్రలున్న కవర్లు నా చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో లెక్కలేదు. నేను మాత్రం దేశం దాటడం ఇదే మొదటిసారి. అది కూడా దుబాయికో అమెరికాకో కాదు, కజకస్తాన్‌కు. ఎందుకమ్మా అక్కడికి అని ఊళ్లో అందరూ అడిగారు. మా చెల్లెలి కూతురు అల్మాటీలో మెడిసిన్ చదువుతోందని చెప్పాను. అది నిజమే గానీ, అసలు కారణం వేరే ఉంది.

పోయినేడు ఆ పిల్ల నా ఫోన్‌కి ఒక పాత నలుపు తెలుపు సినిమా ముక్క పంపింది. తలకు గుడ్డ కట్టుకున్న ఒక పల్లెటూరి ఆవిడ అందులో ఊళ్లో ఉత్తరాలు పంచుతోంది. కింద "పెద్దమ్మా, నువ్వే!" అని రాసింది. ఆవిడ ఎవరని అడిగితే అమీనా ఉముర్జకోవా అని పేరు చెప్పింది. ఆ రోజు నుంచి ఆ పేరు నన్ను వదల్లేదు. కజకుల దేశంలో ఇల్లిల్లూ ఎరిగిన నటి. నాటకం నుంచి సినిమాకు వచ్చి, తెర మీద అమ్మ అంటే ఈమే అనిపించుకున్న మనిషి. ఆమె తిరిగిన ఊళ్లు చూడాలనిపించింది.

మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పద్నాలుగు రోజుల దాకా అక్కడ వీసా లేకుండా ఉండొచ్చు. ఢిల్లీ నుంచి నాలుగు గంటలు కూడా పట్టలేదు. దిగాక గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పుకుంటే సరిపోయింది. ఇంత దూరం వచ్చి అరగంటే తేడానా అని ఆశ్చర్యం వేసింది. మా పిల్ల చేతిలో లావుపాటి కోటుతో నిలబడి ఉంది. "ముందు ఇది వేసుకో పెద్దమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అంది.

మార్చి 6, అల్మాటీ

పొద్దున కిటికీ తెరిస్తే ఎదురుగా కొండలు. తెల్లగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉన్నట్టున్నాయి. ఈ ఊరికి దక్షిణాన కొండలే గోడ. అందుకే ఇక్కడ దారి చెప్పేవాళ్లు తూర్పు, పడమర అనరట. కొండ వైపైతే "పైకి", అటు వైపైతే "కిందికి" అంటారట. వీధుల పక్కన చిన్న కాలువలున్నాయి. వాటిని అరిక్ అంటారు. మంచు కరిగిన నీళ్లు వాటిలో గలగల పారుతున్నాయి. కాలువ గట్టు మీద పుట్టి పెరిగినదాన్ని, ఆ చప్పుడు వినగానే ప్రాణం కుదుటపడింది.

టీ కూడా మన టీయే. పాలు కలిపి ఇస్తారు. షై అంటారు. చిన్న గిన్నెలో సగమే పోసిస్తారు. మళ్లీ మళ్లీ పోస్తూ ఉండటమే వాళ్ల మర్యాద.

ఆ టీ తాగుతూ సినిమా మొదటి నుంచి చివరి దాకా చూశాం. మా పిల్ల పక్కన కూర్చుని మాట మాటా తెలుగులో చెప్పింది. కజక్‌లో దాని పేరు "అనా తురాలీ అంగిజ్", అంటే అమ్మ గురించిన కథ. 1963లో కజక్‌ఫిల్మ్ వాళ్లు తీశారు. దర్శకుడు అలెగ్జాండర్ కార్పోవ్. అప్పటికి అమీనాకు 44 ఏళ్లు.

కథ చెప్పుకుంటే చిన్నదే. రెండో ప్రపంచ యుద్ధం. స్తెప్పీ మైదానంలో ఒక కజక్ పల్లె. కొడుకు సైన్యంలోకి వెళ్తాడు. తల్లికి చదువు రాదు. కొడుకు రాసే ఉత్తరాలు తనే చదువుకోవాలని ఆ వయసులో అక్షరాలు దిద్దుకుంటుంది. తర్వాత ఊరందరికీ ఉత్తరాలు పంచే పని తనే తీసుకుంటుంది. ఆ సంచిలో మంచి కబుర్లే ఉండవు కదా. కజకస్తాన్ నుంచి ఆ యుద్ధానికి పది లక్షల మందికి పైగా వెళ్లారు. తిరిగి రానివాళ్లు లక్షల్లో ఉన్నారు. మనిషి పోయాడని సైన్యం నుంచి వచ్చే కబురును కజకులు "ఖరా ఖగజ్" అంటారు. నల్ల కాగితం అని అర్థం. ఖగజ్ అన్న మాట చెవిన పడగానే నేను సినిమా ఆపమన్నాను. మన కాగితమే అది! పారసీ వాళ్ల మాట అటు స్తెప్పీకీ ఇటు మన ఊరికీ కూడా చేరింది. నా జీవితమంతా గడిచింది ఆ కాగితాలతోనే.

నటన గురించి నాకు శాస్త్రం తెలియదు. కానీ చదువు రాని మనిషి ఉత్తరం ఎలా పట్టుకుంటుందో నాకు తెలిసినంతగా చాలామందికి తెలియదు. చదువు వచ్చినవాళ్ల చూపు నేరుగా మొదటి వరుస మొదట్లోకి వెళ్తుంది. రానివాళ్లు కాగితాన్ని మొత్తంగా, ఒక బొమ్మను చూసినట్టు చూస్తారు. అటూ ఇటూ తిప్పుతారు. వేలితో తడుముతారు. కొందరు ముక్కు దగ్గర పెట్టుకుంటారు. అమీనా చదువుకున్న మనిషి, పెద్ద నటి. అయినా ఉత్తరం చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమె కళ్లలో ఆ బొమ్మను చూసే చూపే కనిపించింది నాకు. అది ఎక్కడ నేర్చుకుంది తల్లి! ఆమె చిన్నప్పటి స్తెప్పీ పల్లెల్లో చదువు రాని అమ్మలకు కొదవ లేదు. వాళ్లనే చూసి ఉంటుందని నా నమ్మకం.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మా ఊళ్లో ఒక పెద్దావిడ కొడుకు మిలటరీలో ఉండేవాడు. పది పదిహేను రోజులకొక ఇన్‌లాండ్ లెటర్ వచ్చేది. ఆవిడ మధ్యాహ్నం పనయ్యాక వచ్చి అరుగు మీద కూర్చునేది. కవరు మొదట ఆవిడ చేతికే ఇచ్చేదాన్ని. కాసేపు చెంపకు ఆనించుకుని, "ఇంక చదువమ్మా" అని నాకిచ్చేది. ఒక రోజు మండల కేంద్రం నుంచి టెలిగ్రాం తెచ్చి నా చేతిలో పెట్టారు. అందులో ఉన్నవి నాలుగే నాలుగు మాటలు. ఆవిడ ఇంటికి నేనే నడిచి వెళ్లాను. వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నా నోరు పెగల్లేదు. ఆవిడ చేట కింద పెట్టి, నా మొహం చూసి, "కాగితం నా చేతికి ఇవ్వలేదేం అమ్మాయ్?" అంది. అంతే. ఇంక చదవాల్సిన పని లేకపోయింది.

సినిమాలో ఆ తల్లి కొడుకు తిరిగి రాడని తెలిసే ఘట్టం దగ్గర మా పిల్ల అనువాదం ఆపేసింది. మాటలు అక్కర్లేదని దానికీ అర్థమైంది. ఆ బాధతోనే మళ్లీ సంచి భుజాన వేసుకుని ఇంకొకరి గుమ్మానికి వెళ్లడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఉత్తరం ఇచ్చే మనిషి ఏడవకూడదు. మేం ఆ పనిలో మొదట నేర్చుకునేది అదే. అమీనా ఆ నియమం తెలిసిన మనిషిలా నటించింది.

1964లో లెనిన్‌గ్రాద్‌లో సోవియట్ దేశమంతటికీ కలిపి జరిగిన చిత్రోత్సవంలో ఈ వేషానికి ఆమెకు ఉత్తమ నటి బహుమతి ఇచ్చారు. పదిహేను గణతంత్రాల సినిమాల మధ్య ఒక కజక్ పల్లె తల్లికి దక్కిన గౌరవం అది. నాకే వచ్చినంత సంతోషమేసింది.

మార్చి 7, అల్మాటీ

పగలంతా తిరిగాం. గ్రీన్ బజార్‌లో కుర్త్ కొన్నాం. పెరుగును గట్టిపరిచి ఎండబెట్టిన ఉప్పటి ఉండలవి, రాయిలా ఉంటాయి. బుగ్గన పెట్టుకుంటే గంటసేపు కరగవు. అమ్మే ఆవిడను మా పిల్ల "అపా" అని పిలిచింది. ఇక్కడ అమ్మనూ, అమ్మమ్మనూ, పెద్ద వయసు ఆడవాళ్లందరినీ అపా అంటారట. ఆ పిలుపుకు ఆవిడ గుప్పెడు ఎక్కువే వేసింది. పాన్‌ఫిలోవ్ పార్కులో 1907 నాటి చెక్క చర్చి చూశాం. 1911 భూకంపానికి కూడా చెక్కు చెదరలేదట.

సాయంత్రం అల్‌ఫరాబీ రోడ్డు మీద ఉన్న కజక్‌ఫిల్మ్ స్టూడియో గేటు దాకా వెళ్లాం. దాని పేరులో షాకెన్ ఐమనోవ్ ఉన్నాడు. నటుడు, దర్శకుడు. కజక్ సినిమాకు పెద్ద దిక్కు. 1970 డిసెంబర్‌లో మాస్కోలో కారు గుద్ది చనిపోయాడు. 1984లో స్టూడియోకు ఆయన పేరు పెట్టారు.

ఈ ఊరికి సినిమా బలంగా అంటుకున్నది యుద్ధం వల్లే. 1941లో జర్మన్ సైన్యం ముంచుకొస్తుంటే మాస్కో, లెనిన్‌గ్రాద్ స్టూడియోలను ఇక్కడికి తరలించారు. పేరున్న సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టీన్ ఇవాన్ ద టెరిబుల్ సినిమా తీసింది ఈ ఊళ్లోనే. అంత పెద్దవాళ్లు పనిచేస్తుంటే కళ్లారా చూసి నేర్చుకునే అవకాశం ఇక్కడి రంగస్థలం వాళ్లకు దొరికింది. యుద్ధం ముగిసిన 1945లోనే కజక్ మహాకవి అబాయ్ మీద సినిమా వచ్చింది. అందులో అజర్ అనే పడుచు వేషం అమీనాది. ఇరవై ఆరేళ్ల వయసు. ఆ ఫొటో చూపించింది మా పిల్ల. అమ్మ వేషాలు కట్టిన ఆ మొహమే ఇదంటే నమ్మలేకపోయాను. ఆ తరం వాళ్లు పడుచు వేషం నుంచి తల్లి వేషానికి వెళ్లడాన్ని దిగజారడం అనుకోలేదు. అమీనాకైతే పేరంతా ఆ రెండో సగంలోనే వచ్చింది.

రాత్రి ఇంకో సినిమా చూశాం. 1968లో ఐమనోవ్ తీసింది, రంగుల్లో, పాటలతో. కజక్‌లో "తకియాలీ పెరిష్తె", అంటే టోపీ పెట్టుకున్న దేవదూత. పెరిష్తె అంటే మన హైదరాబాదు ఫరిష్తాయే. ఇందులో అమీనా తానా అనే తల్లి. పెళ్లీడు దాటిపోతున్న మాస్టారు కొడుక్కి పిల్లను వెతకడానికి పల్లె నుంచి అల్మాటీకి దిగుతుంది. వీధుల్లో కనిపించిన అమ్మాయినల్లా కోడలి కళ్లతో చూస్తుంది. మా పిల్ల పడీ పడీ నవ్వింది. "మా అమ్మా ఇంతే కదా పెద్దమ్మా" అంది. నిజమే, మా చెల్లెలు పెళ్లిళ్లలో చేసే పని ఇదే.

ఉత్తరం పట్టుకుని నిలబడిన ఆ తల్లీ, కొడుకు పెళ్లి కోసం ఊరంతా తిరిగిన ఈ తల్లీ ఒకే మనిషి అంటే ఆశ్చర్యం కాదా? రెండింటి మధ్య అయిదేళ్లే. ఏడిపించినవాళ్లు నవ్వించలేరని మన వైపు ఒక మాట ఉంది. ఈవిడ రెండూ చేసింది. నడక చూస్తే తెలుస్తుంది. మొదటి సినిమాలో కాళ్లు నేలకు అతుక్కున్నట్టు నడుస్తుంది. రెండో దాంట్లో బజారుకు వెళ్లే ఆవిడలా గబగబా, మోచేతులు ఆడిస్తూ.

మార్చి 8, అల్మాటీ

మహిళా దినోత్సవం. ఇక్కడ సెలవు. ఎటు చూసినా తులిప్ పూలు. బస్సు డ్రైవరు పక్కన పూలు, పోలీసు చేతిలో పూలు, చిన్న పిల్లాడి చంకలో పూలు. లిఫ్టులో కలిసిన ముక్కూ మొహం తెలియని పెద్దాయన నాకు కూడా ఒక పువ్వు ఇచ్చాడు. "రఖ్మెత్" అన్నాను. నేను నేర్చుకున్న మొదటి కజక్ మాట అది.

అమీనా పుట్టింది కూడా ఈ రోజే, 1919 మార్చి 8న. అందుకే ప్రయాణం ఈ వారంలో పెట్టుకున్నాను.

సాయంత్రం కజక్ రచయిత ముఖ్తార్ అవేజోవ్ పేరు పెట్టిన నాటకశాలకు వెళ్లాం. మెట్రోలో దాని పేరుతోనే స్టేషన్ ఉంది. అబాయ్ వీధి మీద పెద్ద తెల్లటి భవనం, ముందు అవేజోవ్ విగ్రహం. భవనం 1981 నాటిది గానీ నాటకశాల వయసు అంతకంటే చాలా ఎక్కువ. 1926 జనవరిలో, అప్పటి రాజధాని కిజిలోర్దాలో మొదలైంది. రాజధానితో పాటే తర్వాత ఈ ఊరికి వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే 1917లో, సెమెయ్ దగ్గర ఒక పల్లెలో, గుడారంలో అవేజోవ్ రాసిన ఎన్లిక్-కెబెక్ ఆడారు. కజకుల మొదటి నాటకం అదే అంటారు. ఎన్లిక్ అనే ప్రేమికురాలి వేషం కూడా మగవాళ్లే కట్టారు. ఆడపిల్లలు నలుగురి ముందుకొచ్చి ఆడటం అప్పట్లో కుదిరే పని కాదు. మన స్థానం నరసింహారావు గారు చీర కట్టుకుని రంగం ఎక్కిన కాలం కూడా అదే కదా. సరిగ్గా రెండేళ్లకు ఆ సెమెయ్ ప్రాంతంలోనే అమీనా పుట్టింది. ఆమె పెద్దయ్యేసరికి ఆడపిల్లలకు రంగస్థలం తలుపు తెరుచుకుంది. మధ్యలో గడిచింది ఇరవై ఏళ్లే. ఆ తలుపు తోసినవాళ్లంతా ఎంత ధైర్యవంతులో!

వాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. ఖదీషా బుకెయెవా 1943లో, యుద్ధం నడుస్తుండగా, షేక్‌స్పియర్ నాటకంలోని గయ్యాళి కేథరీనాగా ఈ నాటకసమాజంలోనే ఆడింది. ఎదురుగా పెట్రూకియోగా ఐమనోవ్. కజక్‌లోకి తెచ్చింది అవేజోవ్. ఇక సబీరా మైకనోవా. కిర్గిజ్ రచయిత ఐత్మాతోవ్ కథలో భర్తనూ ముగ్గురు కొడుకులనూ యుద్ధంలో పోగొట్టుకుని, పొలంతో మాట్లాడుకునే తోల్గనాయ్‌గా 1964లో నిలబడింది. దర్శకుడు అజర్‌బైజాన్ మంబెతోవ్ (దేశం కాదు, ఆయన పేరే అది). ఐత్మాతోవ్ మనకూ తెలిసినవాడే. విశాలాంధ్ర పుస్తకాల వ్యాన్‌లో కొన్న జమీల్యా మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

చూడండి, ఇటు తెర మీద అమీనా, అటు రంగస్థలం మీద సబీరా. ఒకటి రెండేళ్ల తేడాలో ఇద్దరూ కొడుకు పోయిన తల్లులుగానే జనం ముందుకు వచ్చారు. యుద్ధం ముగిసి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ తల్లులు ఇంకా బతికే ఉన్నారు, టిక్కెట్టు కొనుక్కుని వచ్చి హాల్లో కూర్చున్నారు. నిజమైన తల్లుల ముందు తల్లిగా నటించడం ఎంత టెన్షనో ఊహించుకోవాల్సిందే.

ఆ రోజు మేం చూసింది ఒక కుటుంబ నాటకం, పూర్తిగా కజక్‌లో. మాటలు అర్థం కాలేదు. కానీ తల్లి వేషం వేసిన పెద్దావిడ కొడుకు ఇంటి నుంచి వెళ్లిపోతుంటే ఆపలేదు, పిలవలేదు. బల్ల మీద పరిచిన గుడ్డ అంచును మడతపెట్టింది. విప్పింది, మళ్లీ మడతపెట్టింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. చివర్లో జనం పూలతో వేదిక దగ్గరికి వెళ్లారు. నేను లిఫ్టులో దొరికిన తులిప్‌ను కోటు జేబులోంచి తీశాను. నలిగిపోయింది. అయినా ఇచ్చాను. ఆవిడ రెండు చేతులతో తీసుకుంది.

మార్చి 9, రైల్లో

అల్మాటీ-2 స్టేషన్‌లో సెమెయ్ రైలెక్కాం. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. 1930లో తుర్కిస్తాన్‌ను సైబీరియాతో కలుపుతూ వేసిన లైను ఇది. నలుగురు పడుకునే గది, ఉతికిన దుప్పట్లు, పెట్టె చివర ఎప్పుడూ మరుగుతూ ఉండే వేడినీళ్ల డ్రమ్ము. ఎక్కీ ఎక్కగానే ఎదురు సీటు ఆవిడ చిన్న బల్ల మీద గుడ్డ పరిచి, బౌర్సక్‌లు, చీజ్, యాపిళ్లు పెట్టి, తినమని బలవంతం చేసింది. బౌర్సక్ అంటే నూనెలో పొంగించిన గోధుమపిండి ముద్ద. అలా పరిచే గుడ్డను దస్తర్ఖాన్ అంటారట. హైదరాబాదులో కూడా అంతే కదా అన్నాను. నేను గోంగూర పచ్చడి సీసా తీశాను. ఆవిడ కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంటూనే ఇంకొక బౌర్సక్ నంజుకుంది.

ఎక్కడికి, ఎందుకు అని అడిగింది. మా పిల్ల అమీనా పేరు చెప్పగానే ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. వాళ్లమ్మకు ఇష్టమైన నటి అట. పై బెర్తులో ఉన్న ఆవిడ మనవరాలు కిందికి వంగి, "మరి సమల్?" అంది.

సమల్ ఎస్లియామోవా గురించి ఆ పిల్ల ఎంత గర్వంగా చెప్పిందో! 1984లో ఉత్తరాన పెత్రోపావ్ల్‌లో పుట్టింది. మాస్కోలో గీతీస్ నాటక విద్యాలయంలో చదువుకుంది. సెర్గేయ్ ద్వోర్త్‌సెవోయ్ తీసిన తుల్పన్‌లో గొర్రెల కాపరి భార్యగా వేసింది. 2008లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో ఆ సినిమాకు బహుమతి వచ్చింది. పదేళ్ల తర్వాత అదే దర్శకుడితో ఐకా చేసి, 2018లో కాన్ ఉత్తమ నటి అయింది. కజక్ నటికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

ఐకా నేను వచ్చేముందు చూశాను. సగంలో లేచి వెళ్లిపోదామనుకున్నాను. మాస్కోలో కూలిపని చేసుకునే కిర్గిజ్ అమ్మాయి, అప్పుడే పుట్టిన బిడ్డను ఆసుపత్రిలో వదిలేసి మంచులో పరుగెడుతుంది. అప్పులవాళ్లు వెంటపడతారు, పని దొరకదు, ఒంట్లో శక్తి లేదు. కెమెరా ఆమె భుజం వదలదు. ఈ దేశపు తెర మీద తల్లి అంటే ఓర్పు అనుకుంటున్న నాకు అది గట్టి దెబ్బే. కానీ మళ్లీ ఆలోచిస్తే, ఆ అమ్మాయి మీద తీర్పు చెప్పమని సినిమా ఎక్కడా అడగలేదు. అమీనా కాలంలో తల్లి కోసం ఊరుంది, ఇరుగుపొరుగుంది, బాధ పంచుకునే మనిషి ఉంది. ఐకాకు ఎవరూ లేరు. గల్ఫ్‌లో ఇళ్లలో పనికి వెళ్లి, నాకు ఫోన్ చేసి మనియార్డర్ అందిందా అని అడిగిన మన ఆడపిల్లల గొంతులు గుర్తొచ్చాయి.

ఎదురు సీటు ఆవిడ మాత్రం సమల్ సినిమా చూడలేదంది. "చూస్తే నిద్ర పట్టదట" అంది. ఆ మాట సమల్‌కు పెద్ద మెచ్చుకోలే అనిపించింది.

రాత్రంతా కిటికీలో మంచు, అప్పుడప్పుడూ ఒక్క దీపం.

మార్చి 10, సెమెయ్

మధ్యాహ్నం దాటాక దిగాం. అల్మాటీ కంటే చలి చాలా ఎక్కువ. ఇర్తిష్ నది ఒడ్డుల్లో మంచు గడ్డకట్టి ఉంది. అబాయ్ చదువుకున్న ఊరు, దోస్తొయెవ్‌స్కీ ప్రవాసంలో గడిపిన ఊరు. అమీనా పుట్టిన ప్రాంతం కూడా.

నది మధ్య ద్వీపంలో ఒక స్మారకం ఉంది. 2001లో కట్టారు. నల్లటి రాతి పలక, అందులో అణుబాంబు పొగ ఆకారం తొలిచి ఉంటుంది. దాని కింద తెల్ల చలువరాతి తల్లి. మోకాళ్ల మీద వంగి, ఒంటితో బిడ్డను కప్పేసి ఉంది. 1949 ఆగస్టు 29న ఈ ఊరికి పడమట మైదానంలో సోవియట్ ప్రభుత్వం మొదటి బాంబు పేల్చింది. 1989 దాకా 456 పేలుళ్లు. జనం పోరాడాక 1991లో, అదే ఆగస్టు 29న ఆ స్థలాన్ని మూసేశారు.

ఆ తల్లి వీపు మీద కొద్దిగా మంచు పేరుకుని ఉంది. మా పిల్ల చేతి తొడుగు తీసి, ఆ మంచు తుడిచింది. డాక్టరు కాబోతున్న పిల్ల. ఇక్కడి క్యాన్సర్ రోగుల గురించి క్లాసులో విన్నవి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది.

అమీనా సినిమాల్లో తెల్లగుడ్డ తల్లులుగా నిలబడ్డ ఆ ఏళ్లన్నీ ఆమె సొంత నేల మీద బాంబులు పేలుతూనే ఉన్నాయి. ఆ కబురు ఏ ఉత్తరంలోనూ రాలేదు. రాయనివ్వలేదు. నల్ల కాగితం కూడా రాకుండానే ఇక్కడి తల్లులు బిడ్డల్ని పోగొట్టుకున్నారు. చాలాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

మార్చి 11, సెమెయ్

తిరుగు ప్రయాణానికి ముందు పోస్టాఫీసుకు తీసుకెళ్లమన్నాను. మా పిల్ల ముందే ఊహించింది.

లోపల వెచ్చగా ఉంది. జిగురు వాసన, కాగితం వాసన, ఎక్కడైనా ఒకటే. అబాయ్ బొమ్మ ఉన్న కార్డు కొన్నాను. మా ఊరి బ్రాంచి పోస్టాఫీసుకే రాశాను, నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయికి. చిరునామా ఇంగ్లీషులో, కబురు తెలుగులో.

కౌంటర్లో ఉన్న ఆవిడకు యాభై ఏళ్లుంటాయి. బిళ్ల అంటించడానికి కార్డు తీసుకుని ఆగిపోయింది. నా తెలుగు అక్షరాల మీద ఆమె చూపు ఏ వరుసా పట్టుకోకుండా కార్డంతా తిరిగింది. పక్కకు తిప్పింది. గుండ్రంగా ఉన్న ఒక అక్షరాన్ని వేలితో తడిమింది. నాకు ఆ చూపు ఎంత బాగా తెలుసో!

ఏం రాశారని మా పిల్లను అడిగింది. నేనే కార్డు అందుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు మా అరుగు మీద చదివినట్టే, పైకి, నిదానంగా చదివాను. ఒక్కో వాక్యం అయ్యాక మా పిల్ల వాళ్ల భాషలో చెప్పింది.

"అమ్మాయ్, నేను సెమెయ్‌లో ఉన్నాను. ఇక్కడ చలి. ఈ వైపు పుట్టిన అమీనా అనే ఆవిడ మన పని చేసే తల్లిగా సినిమాలో వేసింది. నేను వచ్చాక చూపిస్తాను. ఉత్తరం ఇచ్చేటప్పుడు ముందు వాళ్ల చేతికే ఇవ్వు."

ఆవిడ తలాడించింది. కార్డు వెనక్కి తీసుకుని, బిళ్ల అంటించి, ముద్ర మీద ఇంకు సరిచూసుకుని, ఠప్పున వేసింది.